పిచర్‌ను ఇచ్చి కుర్రాళ్లను తీసుకుంటే: బేస్‌బాల్ ట్రేడ్‌లను తూచే షీట్ (ప్రాజెక్టు డైరీ)

ఒక జట్టు తన మేటి పిచర్‌ను (బంతి విసిరేవాడిని) ఇచ్చేసి, మేజర్ లీగ్‌కు కింది మెట్టైన మైనర్ లీగ్‌లో ఆడుతున్న నలుగురు ప్రాస్పెక్ట్‌లను (ముందు ముందు రాణిస్తారని ఆశ ఉన్న కుర్రాళ్లను) తీసుకుంటుంది. ఇలాంటి ఆటగాళ్ల మార్పిడే ట్రేడ్. ఇందులో ఎవరికి లాభం? ఐదేళ్లు పోయాక ఎవరైనా చెప్తారు. సంతకాలు పెట్టిన రోజున, ఆ రోజుకు తెలిసిన సంగతులతోనే చెప్పగలగాలి. ఈ షీట్ పని అదే. ఇలాంటిది ఇంకెవరైనా మొదలుపెడితే పనికొస్తుందని, ఏ దశలో ఏం చెడిందో, ఏం మార్చానో, ఎందుకు మార్చానో రాసి పెడుతున్నాను.

డబ్బు లెక్కలన్నీ మిలియన్ డాలర్లలో. ఈఆర్‌ఏ (పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చే రన్లు, తక్కువైతే మంచిది), ఇన్నింగ్స్, కాంట్రాక్టు మొత్తాలు రికార్డుల్లో ఉన్నవి. శాతాలు, విజయం ధర (జట్టుకు ఒక అదనపు విజయం కొనడానికి పట్టే డబ్బు) మాత్రం నేను పెట్టుకున్న అంచనాలు. అవి మీకు నచ్చకపోతే మార్చుకోండి, షీట్ పాడవదు.

దశ 1: సరుకు, చుక్క సమస్య

కావాల్సినవి: ఒక స్ప్రెడ్‌షీట్, బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైటు నుంచి పిచర్ల ఏడాదివారీ అంకెలు, ట్రేడ్ జరిగిన రోజుకు మిగిలిన కాంట్రాక్టు వివరాలు. అంతే.

మొదటి దెబ్బ ఇన్నింగ్స్ కాలమ్‌లో తగిలింది. బేస్‌బాల్‌లో ఒక ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు, కాబట్టి 55.2 అంటే 55 ఇన్నింగ్స్, ఇంకో రెండు అవుట్లు. అంటే 55⅔. షీట్‌కు అది తెలియదు. టైలర్ గ్లాస్నో 2018లో ట్యాంపా బే రేస్‌కు వేసిన 55.2, 2019లో వేసిన 60.2 కలిపితే 115.4 అని చూపిస్తుంది. అసలు జవాబు 116⅓. క్రికెట్ ఓవర్లను ఎక్సెల్‌లో కూడినవాళ్లకు ఈ గొడవ కొత్తేమీ కాదు.

1. చుక్కకు ముందున్న పూర్ణాంకాన్ని విడదీయండి.
2. చుక్క తర్వాతి భాగాన్ని 10తో గుణించి 3తో భాగించండి.
3. రెండూ కలిపి కొత్త కాలమ్‌లో పెట్టండి. పాత కాలమ్‌ను ఎక్కడా కూడొద్దు.

దశ 2: పిచర్‌ను విజయాల్లోకి మార్చడం

ఒక ఆటగాడు మామూలు ఆటగాడి కంటే ఎన్ని విజయాలు ఎక్కువ తెచ్చాడో చెప్పే ‘వార్’ అనే అంకె తయారుగా దొరుకుతుంది, అది తీసుకోవచ్చు. కానీ ఒక్కో సైట్ ఒక్కోలా లెక్కిస్తుంది, ఒకే పిచర్‌కు ఒకే ఏడాదిలో రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. ప్రతి మెట్టూ కంటికి కనిపించాలని నాటు పద్ధతి పెట్టుకున్నాను. ఎప్పుడైనా దొరికే మామూలు పిచర్ ఈఆర్‌ఏ 5.20 అనుకుందాం. 2016 నుంచి 2019 దాకా మేజర్ లీగ్ సగటు 4.15కు, 4.51కి మధ్య ఉంది కాబట్టి దానికి దాదాపు ఒక రన్ పైన పెట్టాను. ఆ 5.20లోంచి పిచర్ ఈఆర్‌ఏ తీసేసి, ఇన్నింగ్స్‌తో గుణించి, 9తో భాగిస్తే అతను ఆపిన రన్లు వస్తాయి. పది రన్లు సుమారుగా ఒక విజయం.

ముందుకు అంచనా కోసం గత మూడేళ్లకు 3, 2, 1 చొప్పున బరువు ఇచ్చాను. టామ్ టాంగో తయారుచేసిన మార్సెల్ అనే అంచనా పద్ధతిలో పిచర్లకు వాడే బరువులే ఇవి.

పరీక్షకు తీసుకున్న ట్రేడ్ 2016 డిసెంబరు 6 నాటిది. షికాగో వైట్ సాక్స్ క్రిస్ సేల్‌ను బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఇచ్చి యోయాన్ మాంకాడా, మైకేల్ కోపెక్, లూయిస్ అలెగ్జాండర్ బసాబే, విక్టర్ డియాజ్‌లను తీసుకుంది. సేల్ ఈఆర్‌ఏ 2014లో 2.17, 2015లో 3.41, 2016లో 3.34. ఆ బరువులను ఏ ఏడాది ఇన్నింగ్స్‌తో ఆ ఏడాదికి గుణించి వేస్తే 3.20 వస్తుంది. ఏడాదికి 200 ఇన్నింగ్స్ అనుకుంటే 4.4 విజయాలు. వయసు కోసం ఏటా 0.4 తగ్గించాను: 4.4, 4.0, 3.6.

ఇప్పటిదాకా లెక్క: సేల్ నుంచి మూడేళ్లకు 12.0 విజయాలు.

దశ 3: కాంట్రాక్టు

సేల్ విలువలో సగం అతని చేతిలో ఉంటే, మిగతా సగం అతని కాంట్రాక్టులో ఉంది. 2017కు 12, 2018 ఆప్షన్ (జట్టు కావాలనుకుంటే ముందే రాసుకున్న జీతానికి ఇంకో ఏడాది ఉంచుకునే హక్కు) 12.5, 2019 ఆప్షన్ 13.5. అంత మంచి పిచర్‌కు మూడేళ్లకు 38 అంటే కారు చవక.

విజయం ధర 8గా పెట్టుకున్నాను. తర్వాతి ఏడాది వచ్చే లాభాన్ని ఏటా 8 శాతం తగ్గించాను. మిగులు, అంటే విజయాల విలువలోంచి జీతం తీసేస్తే వచ్చేది, 2017లో 23.2, 2018లో 18.1, 2019లో 13.1.

ఇప్పటిదాకా లెక్క: బోస్టన్ చేతికి వచ్చింది 54.4.

దశ 4: కుర్రాళ్ల ధర

షీట్ ఎక్కువగా చెడింది ఈ దశలోనే. అందుకే కొంచెం ఆగి రాస్తాను.

మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆటగాడు జట్టు చేతిలోనే ఉంటాడు. 172 రోజులకు ఒక ఏడాది సర్వీసు. సాధారణంగా మొదటి మూడేళ్లు కనీస జీతం లేదా దానికి దగ్గర్లో (2017లో అది 5,35,000 డాలర్లు), ఆ తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్ (జట్టుకు, ఆటగాడికి కుదరకపోతే జీతాన్ని మధ్యవర్తి తేల్చే పద్ధతి). ఆర్బిట్రేషన్‌లో బజారు ధరలో 40, 60, 80 శాతం వస్తుందని చాలామంది వాడే లెక్కనే నేనూ వాడాను. ప్రాస్పెక్ట్‌లకు విలువ వచ్చేది ఈ చవక ఏళ్ల వల్లే.

మొదటి వెర్షన్‌లో రెండు రోగాలు కనిపించాయి.

ఒకటి, కూడిక. ఓ మోస్తరు కుర్రాళ్లు ఐదుగురి విలువలు కూడితే కాగితం మీద సేల్‌తో సమానమైపోయారు. మైదానంలో అలా కుదరదు. అప్పటి రోస్టర్‌లో (జట్టు ఆటగాళ్ల జాబితాలో) 25 చోట్లే (2020 నుంచి 26), పిచింగ్ మట్టిదిబ్బ మీద నిలబడేది ఒక్కడే. ఒక్క చోటులోంచి ఐదు విజయాలు రావడం వేరు, ఐదు చోట్లు నింపి ఐదు తెచ్చుకోవడం వేరు. అందుకని కింది గ్రేడు కుర్రాళ్లకు తలా 1కి మించి ఇవ్వకూడదని గీత గీశాను.

రెండు, అవకాశం శాతం. గుర్తొచ్చిన పేర్లతో నింపితే దాదాపు అందరూ స్టార్లే అయ్యారు. ఆడక పోయినవాళ్ల పేర్లు మనకు గుర్తుండవు కదా! దానికి మందు:

1. బేస్‌బాల్ అమెరికా 1990 నుంచి ఏటా టాప్ 100 జాబితా వేస్తోంది. కనీసం పదేళ్ల కిందటి జాబితా తీసుకోండి.
2. వందమందినీ ఎక్కించండి. తెలియని పేరని ఎవరినీ వదలొద్దు.
3. బ్యాట్స్‌మన్లు ఒక షీట్‌లో, పిచర్లు ఇంకో షీట్‌లో.
4. జట్టు చేతిలో ఉన్న ఆరేళ్లలో ఎవరు నిలబడ్డారో లెక్కపెట్టి, అప్పుడు శాతం వేయండి.

ఈ పని చేసినవాళ్లకు పిచర్ల షీట్ ఎంత పలచబడుతుందో చూస్తేనే మాట పడిపోతుంది. ‘పిచింగ్ ప్రాస్పెక్ట్ అనేవాడే లేడు’ అని అమెరికాలో గణాంకాలవాళ్లు ఎప్పటినుంచో అంటున్న మాట ఊరికే పుట్టలేదు.

మాంకాడా అప్పటికి ఎంఎల్‌బీ పైప్‌లైన్ (మేజర్ లీగ్ సొంత సైట్) వేసే ప్రాస్పెక్ట్‌ల జాబితాలో మొదటివాడు. 2015లో బోస్టన్ అతనికి 31.5 బోనస్ ఇచ్చి, అంతే మొత్తాన్ని లీగ్‌కు పన్నుగా కట్టింది. నిలబడితే ఏడాదికి 4 విజయాలు, నిలబడే అవకాశం 50 శాతం అని పెట్టాను. ఆరేళ్లకు 24 విజయాలు, విలువ 192, జీతాలు 59.2, మిగులు 132.8. అందులో సగం 66.4. సగటున నాలుగేళ్ల దూరంలో ఉన్న డబ్బు కాబట్టి తగ్గిస్తే 48.8.

కోపెక్ విసిరే వేగం గురించి అప్పటికే అందరూ మాట్లాడుకుంటున్నారు. నిలబడితే ఏడాదికి 3 విజయాలు, అవకాశం 25 శాతం, ఐదేళ్ల దూరం. అతని వాటా 16.9. బసాబే, డియాజ్ ఇద్దరికీ కలిపి 2.

ఇప్పటిదాకా లెక్క: బోస్టన్ 54.4, షికాగో 67.7.

దశ 5: మోచెయ్యి

పై లెక్కలో సేల్ మూడేళ్లూ 200 ఇన్నింగ్స్ వేస్తాడని అనుకున్నాను. ఫాస్ట్ బౌలర్‌కు నడుము ఎలాగో పిచర్‌కు మోచెయ్యి అలాగ. ఫ్రాంక్ జోబ్ 1974లో టామీ జాన్ మోచేతికి చేసిన స్నాయువు మార్పిడి ఆపరేషన్‌కు ఇప్పటికీ ఆ పిచర్ పేరే ఉంది. కోలుకోవడానికి పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు పడుతుంది.

పిచర్‌కు ఏ ఏడాదైనా పూర్తిగా పోయే అవకాశం 15 శాతం అని ఒక గడి కలిపాను. అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ మూడేళ్లూ ఏ నష్టం లేకుండా గడిచే అవకాశం 0.85ను మూడుసార్లు గుణిస్తే 61 శాతమే. కోపెక్ లాంటి కుర్రాడికి మైనర్లలో ఒక ఏడాది, తర్వాత ఆరేళ్లు అనుకుంటే, ఏడేళ్లూ సాఫీగా గడిచే అవకాశం 32 శాతం. పిచింగ్ ప్రాస్పెక్ట్ కోసం మేటి పిచర్‌ను ఇస్తున్న జట్టు ముందు చూసుకోవాల్సింది ఈ 32నే. అతను ఎంత వేగంగా విసురుతాడన్నది ఆ తర్వాతి మాట.

జీతం మాత్రం గాయపడినా కట్టాల్సిందే. అందుకే 15 శాతం కోత విలువ మీదే వేశాను, జీతం మీద కాదు. ఈ ఒక్క తేడాతో సేల్ విలువ 54.4 నుంచి 40.9కి పడింది. కోపెక్‌కు మాత్రం వాటా మొత్తం మీద 15 శాతం కోత వేస్తే 14.4 అయ్యాడు.

ఇప్పటిదాకా లెక్క: బోస్టన్ 40.9, షికాగో 65.2.

ఇలా చూస్తే బోస్టన్ మోసపోయినట్టే. కానీ అలా అనిపించలేదు. ఎందుకో తెలుసుకోవడానికి 1987కు వెళ్లాల్సి వచ్చింది.

దశ 6: అన్ని విజయాలూ ఒకటి కావు

1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ 36 ఏళ్ల డోయల్ అలెగ్జాండర్ కోసం 20 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను అట్లాంటాకు ఇచ్చింది. స్మోల్ట్జ్ 213 విజయాలు, 154 సేవ్‌లతో (ఆధిక్యాన్ని కాపాడి ముగించిన ఆటలతో) 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. అందుకే చెత్త ట్రేడ్‌ల జాబితా ఎవరు రాసినా ఇది అందులో ఉంటుంది.

కానీ ఆ రోజు డెట్రాయిట్ చేతిలో ఉన్నదేమిటి? మైనర్ లీగ్‌లోని డబుల్-ఎ స్థాయిలో 4 గెలిచి 10 ఓడి, ఈఆర్‌ఏ 5.68 ఉన్న కుర్రాడు. వచ్చినవాడేమో 9-0, ఈఆర్‌ఏ 1.53, 88⅓ ఇన్నింగ్స్. నా పద్ధతిలో 3.6 విజయాలు. ఆ ఏడాది డెట్రాయిట్ తన డివిజన్ (లీగ్‌లో కొన్ని జట్ల గుంపు) గెలిచింది టొరంటో మీద రెండే ఆటల తేడాతో. 98 విజయాల జట్టుకు ఆ 3.6 ఎంత విలువైందో, 70 విజయాల జట్టుకు అంత కాదు. ఈ ట్రేడ్‌ను చెత్త అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

కాబట్టి ఇంకో గడి: టైటిల్ కోసం పోరాడే జట్టుకు విజయం ధర 1.25 రెట్లు. బోస్టన్ 2016లో 93 ఆటలు గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో ఉంది కాబట్టి ఈ గుణకం దానికి వర్తిస్తుంది. షికాగో జట్టును మళ్లీ కట్టుకుంటోంది కాబట్టి దానికి వర్తించదు.

ఇప్పటిదాకా లెక్క: బోస్టన్ 60.0, షికాగో 65.2.

తేడా 5.2, అంటే పెద్ద పక్షంలో 8 శాతం. తేడా 15 శాతం లోపు ఉంటే సరసమైన ట్రేడ్ అని గీత పెట్టుకున్నాను. ఇది ఆ గీత లోపలే ఉంది. ఇలాంటి ట్రేడ్ సరసంగా కుదరడానికి కారణం కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఒకే పిచర్ రెండు జట్లకు రెండు ధరలు పలుకుతాడు. వైట్ సాక్స్‌కు అతను 40.9, రెడ్ సాక్స్‌కు 60. ఆ మధ్యలో ఎక్కడ తెగినా ఇద్దరూ బాగుపడే వీలుంది.

దశ 7: ఆర్చర్ దగ్గర షీట్ రెండు మాటలు మాట్లాడింది

2018 జులై 31న పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్రిస్ ఆర్చర్‌ను తెచ్చుకుని, రేస్‌కు ఆస్టిన్ మెడోస్‌ను, గ్లాస్నోను, ‘పేరు తర్వాత చెప్తాం’ అన్న ఇంకో ఆటగాడిని ఇచ్చింది. ఆ మూడోవాడు షేన్ బాజ్ అని ఆగస్టులో తేలింది. 2017 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) 12వ స్థానంలో ఎంపికైన పిచర్. షీట్‌లో పేరులేని గడికి సున్నా పెట్టకండి, ఖాళీగా ఉంచి పేరు వచ్చేదాకా తీర్పు ఆపండి.

అసలు చిక్కు ఆర్చర్ దగ్గరే. 2017లో 201 ఇన్నింగ్స్, ఈఆర్‌ఏ 4.07. కానీ 249 స్ట్రైకవుట్లు (బంతి కొట్టలేక అవుటైనవాళ్లు), 60 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా బేస్ చేరినవాళ్లు), 27 హోమ్ రన్లు. ఫీల్డర్లతో పనిలేని ఈ మూడు రకాల ఫలితాలతో లెక్కించే ఎఫ్‌ఐపీ అతనికి 3.40 ఇచ్చింది. తేడా 0.67. 200 ఇన్నింగ్స్‌కు అది 15 రన్లు, విజయం ధర 9 అనుకుంటే ఏడాదికి 13కు పైనే.

2018లో మిగిలిన నెలలు కలుపుకుని 2021 దాకా ఆప్షన్లతో సహా అతనికి ఇవ్వాల్సిన జీతం సుమారు 30. ఏడాదికి 180 ఇన్నింగ్స్, మూడు సీజన్లు, 2018 సీజన్‌లో మిగిలిన మూడో వంతు, గాయం కోత వేస్తే:

- ఈఆర్‌ఏతో (2016-18 బరువులతో 4.14): మిగులు 24
- 2017 ఎఫ్‌ఐపీతో: మిగులు 62
- రెండింటి మధ్య: 43

అవతలి పక్షానికి దశ 4 పద్ధతిలో మెడోస్ 31.9, గ్లాస్నో 13.3, బాజ్ 7.2. మొత్తం 52.4.

ఒక కొలత ప్రకారం పిట్స్‌బర్గ్ నిండా మునిగింది, ఇంకో కొలత ప్రకారం కొట్టేసింది. ఇక్కడ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కాకుండా, షీట్ ఇచ్చే జవాబు రూపాన్నే మార్చాను. ఇక నుంచి పిచర్ గడిలో ఒక అంకె ఉండదు, మూడు ఉంటాయి: తక్కువ, మధ్య, ఎక్కువ. మధ్య అంకెతో చూస్తే తేడా 18 శాతం, గీత దాటింది కానీ పట్టపగలు దోపిడీ ఏమీ కాదు. ఆ రోజుకు ఇది పిట్స్‌బర్గ్ కొంచెం ఎక్కువ చెల్లించిన ట్రేడ్. అంతకంటే పెద్ద మాట వాడటానికి నా దగ్గర ఆధారం లేదు.

తర్వాత ఆర్చర్ పిట్స్‌బర్గ్‌కు 2018లో 52⅓ ఇన్నింగ్స్ (4.30), 2019లో 119⅔ ఇన్నింగ్స్ (5.19) వేశాడు. 2020 మొత్తం ఆపరేషన్‌తో పోయింది. నా పద్ధతిలో మొత్తం 0.5 విజయాలు. గ్లాస్నో ఒక్కడే రేస్‌కు 2023 దాకా 8.6 ఇచ్చాడు, మధ్యలో మోచేతి ఆపరేషన్ చేయించుకుని కూడా. మెడోస్ 2019లో 33 హోమ్ రన్లు కొట్టాడు.

దశ 8: ఫలితాలకు వేరే పేజీ

ఈ అంకెలు చూశాక కుర్రాళ్ల శాతాలు పెంచాలనిపిస్తుంది. ఆఫీసులో వైట్ సాక్స్ అభిమాని ఒకతను షీట్ చూసి, ఆ జట్టు ఇంకో ట్రేడ్‌లో తెచ్చుకున్న పిచర్ డిలన్ సీజ్ గురించి, మేటి పిచర్‌కు ఏటా ఇచ్చే సై యంగ్ అవార్డు గురించి అన్నాడు: “మామా, సీజ్ సై యంగ్ ఓటింగ్‌లో రెండో స్థానంలో వచ్చాడని తెలిసి ఇప్పుడు శాతం మారిస్తే, నువ్వు తూచేది ట్రేడ్‌ను కాదు, పేపర్ హెడ్‌లైన్‌ను.” అతను సొంత జట్టుకు నష్టమొచ్చే మాట చెప్పాడు, అందుకే ఇంకా విలువ.

అతను చెప్పిన ట్రేడ్ 2017 జులై 13 నాటిది. వైట్ సాక్స్ పిచర్ హోసే కింటానాను అదే ఊళ్లోని కబ్స్ జట్టుకు ఇచ్చి ఎలోయ్ హిమెనెజ్, డిలన్ సీజ్, ఇంకో ఇద్దరిని తీసుకుంది. ఆ రోజు షీట్ ప్రకారం కింటానా నుంచి గాయం కోత పోను 9.5 విజయాలు రావాలి. వచ్చింది 4.8. ఇందులో 2020 సీజన్ 60 ఆటలకే కుదించుకుపోవడం ఒక కారణం. పైగా ఆ వేసవిలో ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే కింటానా ఎడమ బొటనవేలు తెగింది, పది ఇన్నింగ్సే వేశాడు. సీజ్ వైట్ సాక్స్‌కు 2019-23లో 10.0 విజయాలు ఇచ్చాడు, అందులో 6.1 ఒక్క 2022లోనివే. గిన్నెల గాయాన్ని ఏ ఫార్ములాలో పెడతాం?

ఇక్కడి నుంచి నియమాలు:

1. ట్రేడ్ తేదీ షీట్‌కు తాళం. ఆ తర్వాత ఒక్క గడి కూడా మార్చకూడదు.
2. ఫలితాలు వేరే పేజీలో, వేరే రంగులో.
3. శాతాలు మార్చాలంటే అన్ని ట్రేడ్‌లకూ ఒకేసారి మార్చాలి.

సేల్ ఫలితాల పేజీ చూస్తే అంచనా 12.0, వచ్చింది 12.2. మొత్తం కలిసింది కానీ ఆకారం కలవలేదు. 5.5, 5.4, తర్వాత 1.3. ఆ 5.4 వచ్చిన 2018లో బోస్టన్ 108 ఆటలు గెలిచి ప్రపంచ సిరీస్ కూడా గెలిచింది. కోపెక్‌కు అదే సెప్టెంబరులో మోచేతి స్నాయువు తెగింది.

దశ 9: ఇంకా తెరిచి ఉన్న వరుస

ఇప్పుడు నడుస్తున్నది 2024 డిసెంబరు నాటి గ్యారెట్ క్రోషే ట్రేడ్. మళ్లీ వైట్ సాక్స్ నుంచి రెడ్ సాక్స్‌కే. ఈసారి షికాగో తీసుకున్నవాళ్లు కైల్ టీల్, బ్రేడన్ మాంట్‌గమరీ, చేస్ మైడ్రాత్, వికెల్మన్ గొంజాలెజ్. నలుగురిలో ముగ్గురు బ్యాట్స్‌మన్లు, పిచర్ ఒక్కడే. దశ 5లోని 32 శాతం తలలో ఉన్నవాడికి ఈ ఎంపిక చాలా నచ్చుతుంది.

క్రోషేకు 2022లో మోచేతి ఆపరేషన్ అయింది. స్టార్టర్‌గా (ఆటను మొదలుపెట్టే పిచర్‌గా) 2024 ఒక్కటే పూర్తి సీజన్: 146 ఇన్నింగ్స్, ఈఆర్‌ఏ 3.58, ఎఫ్‌ఐపీ 2.69. మధ్య అంకెతో 160 ఇన్నింగ్స్ చొప్పున, కోత పోను, 2025, 2026 రెండేళ్లకు కలిపి 6.2 విజయాలు అని తాళం వేశాను. 2025లో అతను 205⅓ ఇన్నింగ్స్‌కు 2.59 ఈఆర్‌ఏతో ముగించాడు. అంటే మొదటి ఏడాదే 6.0.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన గడి ఒకటుంది. 2025 వసంతంలో బోస్టన్ అతనితో ఆరేళ్లకు 170 ఒప్పందం చేసుకుంది. 2027 నుంచి వచ్చే విజయాలను ఈ ట్రేడ్ ఖాతాలో వేయకండి. వాటిని బోస్టన్ ప్రాస్పెక్ట్‌లతో కాదు, విడిగా డబ్బుతో కొనుక్కుంది. సేల్‌కు 2019లో ఇచ్చిన 145 ఒప్పందాన్ని, 2020 మార్చిలో అయిన అతని ఆపరేషన్‌ను సేల్ వరుసలోంచి తీసేయడానికి కారణమూ ఇదే.

2025 సీజన్ ముగిసేనాటికి లెక్క: క్రోషే 6.2కు 6.0, ఇంకో ఏడాది బాకీ. టీల్, మైడ్రాత్ 2025లోనే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టారు, వాళ్ల ఆరేళ్లలో మొదటి గడి మాత్రమే నిండింది. 2026 సీజన్ ముగిశాక క్రోషే వైపు మూసేస్తాను, అవతలి వైపు కనీసం 2031 దాకా తెరిచే ఉంటుంది.